పిట్టలు వచ్చిన దిక్కు

ఎర్రయ్య పోయిన కబురు నాకు ఎవరూ చెప్పలేదు. శుక్రవారం పొద్దున్న పోలమ్మ చేపల గంప మా వాకిట్లో దిగకపోవడంతో అనుమానం వచ్చింది. ఎర్రయ్య పెళ్ళాం పోలమ్మ. తుపాను రోజుల్లో తప్ప ఆవిడ ఏ శుక్రవారమూ మానలేదు. పెదజాలరిపేటలో బయల్దేరి రెండు బస్సులు మారి కూర్మన్నపాలెం వచ్చేది. దారిలో అంత జనం ఉండగా గంప మూత మా గుమ్మంలోనే తీసేది. మా ఆవిడ అడిగినదానికంటే నాలుగు చేపలు ఎక్కువ వేసి, "అన్నయ్యకి" అనేది. ఆ నాలుగు చేపలూ ఏనాడూ నా గొంతులో తిన్నగా దిగలేదు. ఎందుకో మా ఆవిడకి తెలియదు. మధ్యాహ్నం దాటినా గంప రాకపోయేసరికి నేనే ఫోన్ చేశాను. ఎవరో కుర్రగొంతు, "ఎర్రయ్య మావ తెల్లారగట్ల పోనాడండి" అని చెప్పి పెట్టేసింది.

నన్ను ఎరిగినవాళ్ళు నేను నోరు తెరవగానే నవ్వడానికి సిద్ధంగా ఉంటారు. ఆ తప్పు వాళ్ళది కాదు. దువ్వాడ స్టేషన్లో ఆగని రైలుని నేను ఒక్క తుమ్ముతో ఆపానని చెప్పాను. ఆనందపురం పూల మార్కెట్లో నన్ను కుట్టిన తేనెటీగ, చచ్చిపోయే ముందు నా వైపు తిరిగి తప్పయిందన్నట్టు తల వంచిందనీ చెప్పాను. ఇవన్నీ చిల్లర సరుకు. నా పేరు నిలబెట్టింది ఎర్రయ్య చెయ్యి తిన్న సొర కథ. అండమాన్ దీవుల్లో తెరచాప పడవ మీద మేం తిరుగుతుండగా ఇంటి దూలమంత సొర ఒకటి ఎగిరివచ్చి ఎర్రయ్య కుడిచేతిని మణికట్టు మీదుగా కొరికేసిందనీ, నేను తెడ్డుతో దాని ముక్కు మీద కొట్టాననీ, అది ఏడ్చుకుంటూ పోయిందనీ ముప్పై ఏళ్ళుగా చెబుతున్నాను. ఎన్ని పెళ్ళిళ్ళలో, ఎన్ని టీ దుకాణాల్లో చెప్పానో లెక్కలేదు. అసలు జరిగింది ఇప్పుడు రాస్తున్నాను. ఇందులో సొర లేదు.

మా నాన్న గోదావరి జిల్లా నుంచి స్టీల్ ప్లాంట్ ఉద్యోగానికి వచ్చిన మనిషి. ఉక్కునగరం క్వార్టర్లో మాకు గడియారం అక్కర్లేదు. షిఫ్టు బస్సు హారన్‌కి పొయ్యి మీద పాలు పొంగేవి, ఇంకో హారన్‌కి చెల్లెళ్ళ జడలు పూర్తయ్యేవి. పెరట్లో ఆరేసిన నాన్న పంచె మీద నల్లటి నుసి పడేది. అమ్మ దాన్ని దులిపి, మడత పెట్టేముందు వాసన చూసి, ఈ ఊళ్ళో గాలి కూడా ఇనుమే అనేది. అమ్మకి సముద్రమంటే చిన్నచూపు. అన్ని నీళ్ళుండి దాహానికి గుక్కెడు పనికిరానప్పుడు అదేం నీళ్ళని విసుక్కునేది. గోదారి నీళ్ళతో పెరిగిన మనిషి కాబట్టి ఆ మాట అనే హక్కు తనకే ఉందన్నట్టు అనేది. నాన్న నైట్ షిఫ్టు చేసొచ్చిన రోజుల్లో కిటికీలకి దుప్పట్లు కట్టేవాళ్ళు. ఇల్లంతా చీకటి, చింతపండు పులుసు వాసన, నాన్న గురక. మేము గుసగుసగానే మాట్లాడుకోవాలి. నాకు కథలు కట్టడం ఆ గుసగుసల్లోనే అలవాటైంది. గట్టిగా చెబితే ఎవరూ పట్టించుకోని సంగతిని గొంతు తగ్గించి చెబితే చెల్లెళ్ళు నోరు తెరుచుకుని వినేవాళ్ళు. ఆ తెరిచిన నోళ్ళు చూడ్డం నాకు భోజనం కంటే ఇష్టంగా ఉండేది.

దువ్వాడలో కాలేజీకని బయల్దేరి నేను తరచు వన్‌టౌన్ బస్సెక్కేసేవాణ్ణి. అక్కడ ఒక సందులో కాసిం చాచా దుకాణం ఉండేది. లారీలకి టార్పాలిన్లు, పడవలకి కప్పులు కుట్టేవాడు. వాళ్ళ నాన్న, తాత పాతకాలపు ఓడలకి తెరచాపలు కుట్టినవాళ్ళు. ఊళ్ళో ఆ పని చేతనైనవాడు తనొక్కడే మిగిలాడని చాచా గొప్పగానూ చెప్పేవాడు, దిగులుగానూ చెప్పేవాడు. దుకాణం నిండా మైనం వాసన, ముతక గుడ్డ వాసన, చాచా పూసుకునే అత్తరు వాసన. సూది గుచ్చేముందు గుడ్డని ముక్కు దగ్గర పెట్టుకుని చూసేవాడు. ఉప్పుగాలి తిన్న గుడ్డ వాసనే వేరని, దాని మీద కుట్టు నిలవదని అనేవాడు. టేపు వాడేవాడు కాదు, మూరలే. టీ సాసర్లో పోసుకుని, తాగేముందు నావైపు తోసి, "పీ లే బేటా" అనేవాడు. నాకు అక్కడ ఒక ముక్కాలిపీట ఉండేది. దాని మీద ఇంకెవర్నీ కూర్చోనిచ్చేవాడు కాదు.

ఎర్రయ్య అక్కడే పరిచయమయ్యాడు. పెదజాలరిపేట వాడు, నా ఈడువాడు, నాకంటే రెండింతల చేతులవాడు. చిరిగిన తెరచాప తెచ్చి పడేసి, అది పూర్తయ్యేదాకా నన్ను ఏడిపించడం వాడి కాలక్షేపం. "నీకు సముద్రం అంటే ఆర్కే బీచీలో మురీమిక్చరే గదా బావా" అనేవాడు. ఉక్కు ఉద్యోగుల పిల్లలకి ఈత కూడా నూతిలోనే వస్తుందని నవ్వేవాడు. ఒకరోజు ఆ నవ్వు నాకు ఎక్కువైపోయింది. గొంతు తగ్గించి, నేను అండమాన్ వెళ్ళొచ్చాననీ, నాన్న స్నేహితుడొకాయన తెరచాప పడవ మీద మూడు వారాలు మనుషుల్లేని దీవుల మధ్య తిరిగాననీ చెప్పాను. అట్లాసు చూసి అంతకుముందెప్పుడో నోటుపుస్తకంలో గీసుకున్న దీవుల బొమ్మ ఉంది. అదీ చూపించాను. ఎర్రయ్య నవ్వు ఆగిపోయింది. ఆ కథని నాలుగుసార్లు చెప్పించుకున్నాడు. చాచా సూది ఆపి విన్నాడు.

అది అక్కడితో ఆగిపోతే ఇంకో తుమ్ము కథ అయ్యేది. ఆర్నెల్లకి పోర్ట్‌బ్లెయిర్ నుంచి చాచాకి ఉత్తరం వచ్చింది. అక్కడ హోటలు నడిపే ఒక సేఠ్ విదేశీయుల దగ్గర తెరచాప పడవ కొన్నాడు. అతిథుల్ని చిన్న చిన్న దీవుల్లో తిప్పాలని ఆయన ఉద్దేశం. తెరచాపలు కుళ్ళిపోయాయి, కుట్టే మనిషి లేడు. ఇద్దరు తోడుమనుషుల్ని కూడా తెచ్చుకోమని రాశాడు. చాచా ఉత్తరం మడిచి, ఎర్రయ్యకి పడవ తెలుసు, సూరికి దారి తెలుసు, ఇంకెవరు కావాలి అన్నాడు. సూరి అంటే నేనే, సూరిబాబుని.

ఆ సాయంత్రం బస్టాపు దగ్గర ఎర్రయ్య నన్ను పక్కకి లాగాడు. నవ్వడం లేదు.

"బావా, నిజంగా ఎల్లినావా ఆ దీవులకి? అబద్దమైతే ఇప్పుడే సెప్పీ. నవ్వుకుని ఒగ్గీద్దుం. సముద్రం మీదకెల్లేక సెప్తే నవ్వు రాదు."

వెళ్ళానన్నాను. అమ్మ మీద ఒట్టు వేశాను. ఒట్టు ఎవరూ అడగలేదు, నేనే వేశాను.

విశాఖ పోర్టు నుంచి ప్రయాణికుల ఓడలో వెళ్ళాం. ఓడలో ఉన్నన్ని రోజులూ నేను నోటుపుస్తకంలోని బొమ్మ తీసి చూసుకుంటూనే ఉన్నాను. దారి గుర్తుచేసుకుంటున్నానని అందరూ అనుకున్నారు. పోర్ట్‌బ్లెయిర్లో దిగేసరికి సగం ఊరు మన మాటే మాట్లాడుతోంది. శ్రీకాకుళం నుంచీ మన జిల్లా నుంచీ వెళ్ళి స్థిరపడ్డ జాలర్లు, వాళ్ళ పిల్లలు. సముద్రం తూర్పున, కొండలు పడమట, అచ్చం ఇంటిదగ్గర ఉన్నట్టే. ఎర్రయ్య గట్టు మీద కూర్చుని, ఎక్కడికీ రానట్టుంది బావా అన్నాడు. చాచా నెలరోజులు కూర్చుని రెండు తెరచాపలు కుట్టాడు. అయ్యాక సేఠ్ మమ్మల్నే పది రోజులు చిన్న దీవుల మధ్య తిరిగి, అతిథుల్ని దింపడానికి ఏ ఇసుక తిన్నెలు బాగుంటాయో చూసి రమ్మన్నాడు. కావలసిన కాగితాలన్నీ ఆయనే తెచ్చాడు. దారి తెలిసినవాడు ఎవరంటే అందరి వేళ్ళూ నావైపు తిరిగాయి.

మొదటి వారం గురించి నేను అబద్ధం చెప్పనక్కర్లేదు, చెప్పినా దానికి సరిపోదు. ఒక దీవి వదిలితే ఇంకోటి కనిపించేది. అడవి నేరుగా నీళ్ళలోకి దిగేది. ఇసుక మీద తాబేలు పాకిన చార తప్ప ఇంకే అడుగూ ఉండేది కాదు. నీళ్ళు ఎంత తేటగా ఉండేవంటే లంగరు అడుగున ఇసుకలో దిగబడ్డం పై నుంచి చూసేవాళ్ళం. సాయంత్రం దీవుల వైపు నుంచి కుళ్ళిన ఆకుల వాసన, ఏవో తెల్లపూల వాసన కలిసి వచ్చేది. చాచా పడవ ముందు భాగంలో నమాజుకి జానిమాజ్ పరుచుకునేవాడు. పడవ తిరిగినప్పుడల్లా పడమర ఎటో నన్నడిగి సర్దుకునేవాడు. నేను కంపాసు చూసి చెప్పేవాణ్ణి. ప్రతి మలుపు దగ్గరా నోటుపుస్తకంలోని బొమ్మనీ సేఠ్ ఇచ్చిన మ్యాపునీ దొంగచాటుగా పోల్చుకుని, ఇక్కడే మేం చేపలు కాల్చుకున్నాం, ఇక్కడే పంది తరిమింది అని కట్టేవాణ్ణి. ఎర్రయ్య పంది కథ విని, ఆ పంది నీకు సుట్టమే అయ్యుంటది అన్నాడు. ఏడో రోజు రెండు దీవుల మధ్య సందులోంచి పడమటి వైపుకి దాటాం. ఇప్పుడు దీవులన్నీ మాకు తూర్పున ఉన్నాయి. మ్యాపులో చూస్తే అది చిన్న గీత. మా ముగ్గురి ఒంట్లో మాత్రం ఆ సంగతి దిగలేదు.

ఎనిమిదో రోజు గాలం నుంచి జెల్ల చేపని తీస్తుంటే దాని ముల్లు ఎర్రయ్య కుడి అరచేతిలో దిగిపోయింది. జెల్ల ముల్లు వాళ్ళకి కొత్త కాదు. పీకి పారేసి, చుట్ట పొగాకు అద్ది, నవ్వాడు. ముల్లు మొన లోపల విరిగిపోయిందని మాకు తెలియదు. మర్నాటికి చెయ్యి గుమ్మడికాయలా ఉబ్బింది. ఆ మరుసటి పొద్దుటికి మోచేతి దాకా ఎర్రటి చారలు పాకాయి, ఒళ్ళు కాలిపోతోంది. పోర్ట్‌బ్లెయిర్ ఆసుపత్రికి చేర్చడం తప్ప దారి లేదని చాచా వెంటనే పడవ తిప్పించాడు. వచ్చిన సందులోంచే వెనక్కి వెళితే సరిపోయేది. సందు నోటికి చేరేలోపు గాలివాన పట్టుకుంది. తెరచాప దూలం ఒక్కసారి తిరిగి కంపాసు గిన్నెని పగలగొట్టింది. అందులోని ద్రవమంతా చెక్కల మీద కారిపోయింది. చిన్న ఇంజనులోకి ఉప్పునీరు వెళ్ళి నోరు మూసుకుంది. మ్యాపు ముద్దయిపోయింది. వాన వెలిసేసరికి చుట్టూ బూడిదరంగు నీళ్ళు, బూడిదరంగు ఆకాశం. ఒక్క దీవీ లేదు. ఒకరోజంతా అలాగే కొట్టుకుపోయాం. తాగే నీళ్ళు డబ్బాలో మూడు వేళ్ళ ఎత్తుకి దిగాయి.

ఆ సాయంత్రం మబ్బు పగిలి సూర్యుడు కనిపించాడు, దిగబోతూ. ఎర్రయ్య పడుకున్నచోటే తల ఎత్తి ఎడమచేత్తో చూపించాడు.

"పొద్దు అటు గూకుతంది. అటే గట్టు."

మా ఊళ్ళో పుట్టిన ఎవడైనా అదే అంటాడు. జాలరిపేటలో పడవ ఎక్కించే ముందు మొదట చెప్పే సంగతి అదే, దిక్కు పోతే పొద్దు గూకేవైపు పో, ఒడ్డు తగులుతుందని. మాకు పడమర అంటే కొండలు, ఇల్లు, అన్నం. తూర్పు అంటే నీళ్ళు. ముగ్గురికి ముగ్గురం ఆ మాటని అడగకుండా నమ్మేశాం. చాచా మాత్రం నావైపు తిరిగి, నువ్వు ఇటు తిరిగినవాడివి కదా బేటా, అటేనా అన్నాడు. అటే చాచా, తెల్లారేసరికి దీవి కనిపిస్తుందన్నాను. అప్పటికి అది అబద్ధం కాదు, నేనూ నమ్మాను. గాలి వీపు మీద ఉంది. కొత్త తెరచాప పొట్ట ఉబ్బించి పరిగెత్తింది.

తెల్లారింది. చుక్కాని నా చేతిలో ఉంది. సూర్యుడు నా వీపు మీద వెచ్చగా పడుతున్నాడు. పొద్దున్నే వేట నుంచి వచ్చేవాళ్ళకి సూర్యుడు వీపు మీదే ఉంటాడు కాబట్టి నాకు ఇంటికి వస్తున్నట్టే హాయిగా ఉంది. అప్పుడు పిట్టలు వచ్చాయి. తెల్లటి చిన్న పిట్టలు, పది పన్నెండు. వెనకనుంచి వచ్చి, మమ్మల్ని దాటి, మా ముందుకి పోయాయి. కాసేపటికి ఇంకో గుంపు, అదీ వెనకనుంచే. పిట్టలు తెల్లారి నేల వదిలి నీళ్ళ మీదకి వస్తాయి, సాయంత్రం నేలకి పోతాయి. అది నాకు ఎర్రయ్య చెప్పిందే. నేల మా వెనక ఉంది. నోటుపుస్తకంలో నేను చేత్తో గీసిన బొమ్మ కళ్ళముందుకి వచ్చింది. దీవుల వరస, దానికి ఎడమపక్క కాగితం చివరిదాకా నీలం పెన్సిలు. ఆ నీలం దాటాక ఏముందో కూడా నేనే రాశాను, చిన్న అక్షరాలతో, విశాఖపట్నం అని. మేం నిజంగానే ఇంటికి వెళుతున్నాం. మధ్యలో వారం పైన ప్రయాణం ఉంది, డబ్బాలో మూడు వేళ్ళ నీళ్ళున్నాయి, ఎర్రయ్య చెయ్యి ఉంది.

ఆ క్షణాన నోరు తెరిచి, చాచా, తప్పు దారి, తిప్పుదాం అంటే సరిపోయేది. ఆ వెంటనే చాచా అడిగే ప్రశ్న నాకు వినిపిస్తోంది. దారి తెలిసినవాడివి కదా, ఎలా తప్పావని. ఏదైనా ఓడ ఎదురవుతుందేమో, గాలి దానంతటది తిరుగుతుందేమో, ఇంకాసేపు, ఇంకాసేపు అనుకుంటూ చుక్కాని అలాగే పట్టుకున్నాను. ఎర్రయ్య కళ్ళు తెరిచాడు. పడవ అంచు ఎత్తుగా ఉండి వాడికి ఆకాశం తప్ప ఏమీ కనిపించదు. పిట్టల అరుపు విన్నట్టున్నాడు.

"బావా, పిట్టలు ఏ పక్కనించి వత్తన్నాయి?"

"ఎదట్నించే."

"అయితే దగ్గిరికొచ్చీసినాం" అని కళ్ళు మూసుకున్నాడు. మొహంలో అంత నొప్పిలోనూ ఒక నెమ్మది వచ్చింది. ఆ నెమ్మది నేను ఇచ్చిందే. నాకు అప్పుడు కొంచెం గర్వం కూడా కలిగింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కలిగిన మాట మాత్రం నిజం.

ఆ తర్వాత వాడు నిద్రపోకూడదని కథలు చెప్పాను. పంది కథ, తాబేలు నన్ను మోసుకెళ్ళిన కథ, మా అమ్మ గోదారిని బిందెలో పట్టుకుని విశాఖ తెచ్చిన కథ. మొదట్లో పెదవి కదిలించేవాడు. ఎండ నెత్తి మీదకి వచ్చేసరికి అదీ లేదు. వేళ్ళ చివర్లు నల్లబడ్డాయి. చాచా తడిగుడ్డ వాడి నోట్లో పిండుతూ, తల ఎత్తకుండానే, "కహానీ బంద్ కర్" అన్నాడు. అప్పుడు నోరు తెరిచాను. అప్పుడైనా నిజం చెప్పలేదు. నీటి వాలు మమ్మల్ని లాగేసింది చాచా, వెనక్కి తిప్పాలి అన్నాను. చాచా లేచాడు. సూర్యుణ్ణి చూశాడు. మమ్మల్ని దాటిపోతున్న పిట్టల్ని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. వెళ్ళి తెరచాప తాడు విప్పాడు.

గాలి వీపు మీద ఉండగా అరపూటలో పోయిన దూరం ఎదురుగాలిలో రావడానికి ఒక రోజు పైన పడుతుందని నాకు తెలియదు. అటో వంకర, ఇటో వంకర కొట్టుకుంటూ వచ్చాం. మర్నాడు చేపలు పట్టుకుంటున్న మనవాళ్ళ డింగీ ఒకటి మమ్మల్ని చూసింది. వాళ్ళు తాడు కట్టి లాక్కుపోయారు. ఆసుపత్రిలో డాక్టరు చాచాతో హిందీలో మాట్లాడాడు. నిన్న తెచ్చుంటే చెయ్యి మిగిలేదన్నాడు. చాచా దాన్ని తెలుగులో చెప్పలేదు. నాకు అర్థమైందని ఆయనకి తెలుసు.

తిరుగు ఓడలో ఎర్రయ్య గోడవైపు తిరిగి పడుకునేవాడు. పేటకి ఏ మొహంతో ఎల్తాను, జెల్ల ముల్లుకి సెయ్యి పోనాదంటే ఆడపిల్లలు కూడా నవ్వుతారు అన్నాడు. అప్పుడు నేను సొరని కట్టాను. మొదట చిన్నదే కట్టాను. వాడు గోడవైపు నుంచి తిరిగి, ఇంకొంచెం పెద్దది సెయ్యి బావా అన్నాడు. ఓడ పోర్టులోకి వచ్చేసరికి ఇంటి దూలమంత అయింది. ఇద్దరం కలిసి నవ్వాం. వాడి పరువు నిలబెట్టానని లోకానికి చెప్పుకున్నాను. నా అరపూటని కూడా ఆ సొరే మింగేసిందని లోపల నాకు తెలుసు.

చాచా దుకాణానికి మళ్ళీ ఒకసారే వెళ్ళాను. ముక్కాలిపీట అక్కడే ఉంది. చాచా లేచి నిలబడి, "రండి సూరిబాబు గారూ, కూర్చోండి" అన్నాడు. టీ నాకు వేరే గ్లాసులో తెప్పించాడు. ఒక్క మాట పొల్లు లేదు, ఒక్క కసురు లేదు. ఆయన పోయేదాకా ఎక్కడ కనపడ్డా అదే గారు, అదే మర్యాద. బేటా అన్న మాట నాకు ఇంకెవరూ ఇవ్వలేదు.

ఎర్రయ్య వలకి పనికిరాకుండా పోయాడు. హార్బర్లో చేపల వేలంపాట పాడేవాడయ్యాడు. గొంతు ఉంటే చాలు, చేతులక్కర్లేదు. పాట అయ్యాక కొత్తగా వచ్చిన వ్యాపారులకి సొర కథ చెప్పేవాడు. నేను చెప్పినదానికంటే బాగా చెప్పేవాడు. పోలమ్మని చేసుకున్నాడు, పిల్లలు పుట్టారు. పిట్టల గురించి వాడు నన్ను ఏనాడూ అడగలేదు. పడవ వెనక్కి తిరిగిన మధ్యాహ్నం పిట్టలు ఎటునుంచి ఎటు పోతున్నాయో వాడికి తెలియకుండా ఉంటుందా, జొరంలో ఏమీ ఎరగడా, ఈ ఒక్క సంగతి తెలుసుకోవాలని ముప్పై ఏళ్ళు నాకు నాలుక చివర ఉండేది. అడగలేదు. ఇక వాడు లేడు. ఇప్పుడు వాడి అల్లుడు వేటకి పోతే ఫోనులో నీలం చుక్క వాడెక్కడున్నాడో చెబుతుంది. ఒడ్డు ఎటుందో బాణం గుర్తు చూపిస్తుంది. పక్కనున్న మనిషిని నమ్మాల్సిన పని లేదు. నా ఈడువాళ్ళు దీన్ని చూసి సముద్రం చప్పబడిపోయిందంటారు. నేను అనలేను. ఆ చుక్క మా పడవలో ఉంటే నేను ఏ కథా చెప్పుకోలేని మామూలు మనిషిని అయ్యుండేవాణ్ణి, అంతకన్నా నాకు కావలసింది ఏమీ లేదు.

పెద్దకార్యానికి వెళ్ళాను. పందిట్లో పేట మొత్తం ఉంది. భోజనాలకి ముందు ఎవరో, సొర కత సెప్పు బావా, ఎర్రయ్య ఇంటాడు అన్నారు. అందరూ దగ్గరికి జరిగారు. నేను గొంతు సవరించుకుని జెల్ల ముల్లు దగ్గర మొదలుపెట్టాను. ఒట్టు సంగతి చెప్పాను. పడమర సంగతి చెప్పాను. పిట్టలు వెనకనుంచి రావడం, వాడు అడగడం, నేను ఎదటనుంచి అనడం చెప్పాను. చెబుతుండగా నా గొంతు నాకే కొత్తగా ఉంది. అయ్యేసరికి వెనకనుంచి ఒక ముసలాయన నవ్వాడు.

"ఇది కొత్తగా కట్టినావా బావా? బాగానేదు. సొరే బాగుంది. పిట్టల్లో ఏటుంది?"

పందిరంతా నవ్వింది. నేను నిజమని చెప్పాను. ఒట్టు వేయబోయాను. ఇంకా నవ్వారు. ఒకడు నా వీపు తట్టి, ఎర్రయ్య పోయినా నీ సరదా పోనేదు అన్నాడు. నిజం చెప్పడానికి నా దగ్గర వేరే నోరు లేదని నాకు ఆ పందిట్లో తెలిసింది.

పోలమ్మ నవ్వలేదు. వంట దగ్గర నిలబడి విందట. జనం లేచాక నా దగ్గరికి వచ్చింది. పైటకొంగు నడుముకి చుట్టుకుని ఉంది, చేతులు వంట పసుపుతో ఉన్నాయి.

"అన్నయ్యా, పిట్టల సంగతి నిజవేనా?"

ఆవిడ కళ్ళలోకి చూడకుండా నిజమే అన్నాను.

"మావ నాకెప్పుడూ సెప్పనేదు. సొర కతే సెప్పీవోడు. పక్కలో పడుకుని కూడా అదే సెప్పీవోడు." చేతులు కొంగుకి తుడుచుకుంది. "ఆడికి తెల్సా?"

నాకు తెలియదన్నాను. ఇంతవరకూ నేను ఎవరికీ ఆ మాట చెప్పినట్టు గుర్తులేదు. తిట్టమని మనసులో అడుక్కున్నాను. పేట ఆడవాళ్ళ తిట్లు నాకు తెలుసు. ఆ పూట ఆవిడ నోట్లోంచి ఏవి వచ్చినా నెత్తిన పెట్టుకునేవాణ్ణి. ఆవిడ తిట్టలేదు. ఆ పూట వచ్చినవాళ్ళు తినకుండా పోకూడదని లోపలికి పిలిచి, పీట వేసి, విస్తరి పరిచింది. తనే అన్నం పెట్టింది, చేపల పులుసు పోసింది. నాలుగు ముక్కలు వేసింది. వేరేవాళ్ళకి వడ్డించడానికి లేచి వెళుతుందనుకున్నాను. వెళ్ళలేదు. నా ఎదురుగా నేల మీద కూర్చుంది.

కలుపుకుని తినడం మొదలుపెట్టాను. పోలమ్మ నా మొహం చూడలేదు. విస్తరి ఖాళీ అయ్యేదాకా నా కుడిచేతినే చూస్తూ కూర్చుంది.